గర్భిణుల్లో ముక్కు నుంచి రక్తస్రావం: వంశపారంపర్య రక్తస్రావ రుగ్మతల్లో సంరక్షణ

ముక్కు రంధ్రాల నుంచి గానీ, ముక్కు వెనుక భాగం నుంచి గొంతులోకి గానీ రక్తం కారడాన్ని వైద్య పరిభాషలో ఎపిస్టాక్సిస్ అంటారు. గర్భిణుల్లో ఇది తరచుగా కనిపించే ఇబ్బంది. గర్భిణుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి ముక్కు నుంచి రక్తం వస్తుందని ఒక అధ్యయనం తేల్చింది. గర్భం లేని స్త్రీలలో అది సుమారు 6 శాతమే. చాలామందికి కాసేపు ముక్కు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. పుట్టుకతోనే రక్తస్రావ రుగ్మత ఉన్న స్త్రీకి మాత్రం అదే రక్తస్రావం గంటల తరబడి సాగవచ్చు, రక్తహీనతకు దారితీయవచ్చు, కొన్నిసార్లు అంతకంటే పెద్ద ప్రమాదానికి ముందస్తు సూచన కావచ్చు.

ఈ వ్యాసం ప్రధానంగా రెండు రుగ్మతలను పరిశీలిస్తుంది. ఒకటి రక్తనాళాల నిర్మాణంలో లోపం వల్ల వచ్చే వంశపారంపర్య రక్తస్రావ టెలాంజియెక్టేసియా. దీన్ని క్లుప్తంగా హెచ్‌హెచ్‌టీ అంటారు. రెండోది రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ఒక ప్రోటీన్ లోపం వల్ల వచ్చే వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి. ముక్కు రక్తస్రావం రెండింటిలోనూ ప్రధాన లక్షణమే. అయితే గర్భం వచ్చాక రెండూ ఎదురెదురు దారుల్లో నడుస్తాయి. అందుకే సంరక్షణలో మొదటి ప్రశ్న రక్తాన్ని ఎలా ఆపాలన్నది కాదు, ఆమెకున్న రుగ్మత ఏదన్నది.

ముక్కు నిర్మాణం, గర్భంతో వచ్చే మార్పులు

ముక్కు రంధ్రాలను వేరుచేసే గోడ ముందుభాగంలో, చూపుడువేలు అందేంత దూరంలో, అనేక ధమనుల చివరి కొమ్మలు వలలా కలుస్తాయి. జేమ్స్ లారెన్స్ లిటిల్ 1879లో, విల్హెల్మ్ కీసెల్‌బాఖ్ 1884లో ఈ చోటిని వర్ణించారు. ముక్కు రక్తస్రావాల్లో దాదాపు 90 శాతం ఇక్కడినుంచే మొదలవుతాయి. వేళ్లతో నొక్కితే అందేది ఈ భాగమే. మిగిలినవి లోపలి వెనుక భాగంలో, స్ఫీనోపాలటైన్ ధమని కొమ్మల నుంచి వస్తాయి. అక్కడి రక్తం బయటికి కనిపించక గొంతులోకి జారుతుంది. వేళ్ల ఒత్తిడికి అది లొంగదు.

గర్భంలో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ ప్రభావంతో రక్తనాళాలు వెడల్పవుతాయి, ముక్కు లోపలి పొర ఉబ్బి మెత్తబడుతుంది. ముక్కు దిబ్బడ వేసి, నోటితో గాలి పీల్చుకోవడం, చీదడం, పెచ్చులు గీకడం ఎక్కువవుతాయి. కొందరిలో ముక్కు గోడ మీద ఎర్రటి మెత్తని కణితి పెరుగుతుంది. పయోజెనిక్ గ్రాన్యులోమా అనే ఈ కణితి ముట్టుకుంటే చాలు రక్తం చిమ్ముతుంది, కాన్పు తర్వాత చాలావరకు కుంచించుకుపోతుంది. రక్తస్రావ రుగ్మత ఉన్నంత మాత్రాన రక్తానికి ఆ రుగ్మతే కారణమని తీర్మానించకుండా ముక్కు లోపల చూడవలసింది ఇందుకే.

రోహిణి కార్తె ఎండల్లోనూ, రాత్రంతా ఏసీ నడిచే గదుల్లోనూ లోపలి పొర ఎండి పగులుతుంది. తెలుగు ఇళ్లలో ముక్కు నుంచి రక్తం వస్తే వేడి చేసిందని అనడం పరిపాటి. ఎండకు పొర పొడిబారుతుందన్నంత వరకు ఆ మాటలో నిజముంది. కానీ ఏటా వేసవిలో అమ్మకూ అమ్మమ్మకూ కూతురికీ ముక్కు నుంచి రక్తం కారుతుంటే అది ఎండ ఒక్కదాని పని కాకపోవచ్చు.

చరిత్ర

ఫ్రెంచి వైద్యుడు హెన్రీ రెండూ 1896లో, ముక్కు రక్తస్రావంతో బాధపడుతున్న ఒక రోగిని పరిశీలించి అది హీమోఫిలియా కాదని గుర్తించాడు. విలియం ఆస్లర్ 1901లో ఈ వ్యాధి కుటుంబాల్లో సంక్రమించే తీరును వివరించాడు. ఫ్రెడరిక్ పార్క్స్ వెబర్ 1907లో మరికొన్ని వివరాలు చేర్చాడు. ఆ ముగ్గురి పేర్ల మీదుగా ఆస్లర్-వెబర్-రెండూ వ్యాధి అన్న పేరు స్థిరపడింది. హెచ్‌హెచ్‌టీ అన్న పేరు పెట్టింది ఫ్రెడరిక్ హేన్స్, 1909లో.

ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ దగ్గరికి 1924లో ఆలాండ్ దీవుల నుంచి ఐదేళ్ల బాలికను తీసుకొచ్చారు. ఆ కుటుంబంలో స్త్రీలు, పురుషులు ఇరువురిలోనూ రక్తస్రావం కనిపించింది. హీమోఫిలియా ప్రధానంగా మగవారిలో కనిపించే వ్యాధి కాబట్టి ఇది వేరే రుగ్మత అని ఆయన 1926లో ప్రకటించాడు. ఆ బాలిక 13 ఏళ్ల వయసులో, తన నాలుగో నెలసరి రక్తస్రావంతో చనిపోయింది. రక్తస్రావ రుగ్మతలు మగపిల్లల జబ్బులన్న అభిప్రాయం ఆ తర్వాత కూడా చాలాకాలం పోలేదు. నేటికీ చాలామంది స్త్రీలకు రోగ నిర్ధారణ తొలి కాన్పు సమయంలోనో, పన్ను పీకించుకున్న తర్వాతో గానీ జరగడం లేదు.

చికిత్సలో రెండు మలుపులు ముఖ్యమైనవి. జపాన్‌కు చెందిన ఉటాకో, షోసుకే ఒకమోటో దంపతులు 1962లో ట్రనెక్సామిక్ ఆమ్లాన్ని వెలువరించారు. డెస్మోప్రెసిన్ అనే మందు శరీరంలో దాగి ఉన్న వాన్ విల్లెబ్రాండ్ ప్రోటీన్‌ను విడుదల చేయిస్తుందని గ్రహించిన పియర్ మాన్నుచ్చి బృందం 1977లో దాన్ని రోగులకు వాడి చూపింది.

రుగ్మతలు, గర్భంలో వాటి తీరు

*హెచ్‌హెచ్‌టీ.* సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతం. ఎక్కువ కుటుంబాల్లో లోపం ఎండోగ్లిన్ లేదా ఏసీవీఆర్ఎల్1 జన్యువులో, కొద్దిమందిలో స్మాడ్4 జన్యువులో ఉంటుంది. ఈ రోగుల్లో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. లోపం గొట్టంలో ఉంది, అందులో పారే రక్తంలో కాదు. ధమనికీ సిరకూ మధ్య ఉండవలసిన సన్నని కేశనాళికలు లేకపోవడంతో, పలుచని గోడ గల నాళాలు ముక్కు లోపల, పెదవుల మీద, నాలుక మీద, వేళ్ల కొసల మీద గుండుసూది తలంత ఎర్రటి చుక్కలుగా పైకి తేలతాయి. వేలితో నొక్కితే చుక్క తెల్లబడి, వదలగానే మళ్లీ ఎర్రబడుతుంది. రోగుల్లో 90 శాతానికి పైగా ముక్కు రక్తస్రావం ఉంటుంది. గర్భంలో రక్త ప్రవాహం పెరిగి నాళాలు ఇంకా వెడల్పవుతాయి కాబట్టి చాలామందిలో అది పెరుగుతుంది.

*వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి.* దెబ్బతిన్న నాళపు గోడకు ప్లేట్‌లెట్లను అతికించేది, రక్తం గడ్డకట్టించే ఎనిమిదో కారకాన్ని కాపాడేది వాన్ విల్లెబ్రాండ్ ప్రోటీన్. అది తక్కువగా ఉంటే ఒకటో రకం, ఉన్నా సరిగా పనిచేయకపోతే రెండో రకం, దాదాపు పూర్తిగా లేకపోతే మూడో రకం. గర్భంలో ఈ ప్రోటీన్ రెండు మూడు రెట్లు పెరుగుతుంది. దాంతో ఒకటో రకం స్త్రీలలో చాలామందికి గర్భం సగానికి వచ్చేసరికి ముక్కు రక్తస్రావం తగ్గుతుంది. కొందరు జబ్బు నయమైందని కూడా అనుకుంటారు. మూడో రకంలో ఈ పెరుగుదల ఉండదు. రెండో రకంలోని ‘2బి’ ఉపరకంలో పెరిగేది లోపమున్న ప్రోటీనే. అది ప్లేట్‌లెట్లను అనవసరంగా అంటిపెట్టుకోవడంతో వాటి సంఖ్య పడిపోతుంది. గర్భిణిలో ప్లేట్‌లెట్లు తగ్గాయని వేరే వ్యాధికి చికిత్స మొదలుపెట్టే పొరపాటుకు ఇది తావిస్తుంది.

*ప్లేట్‌లెట్ల రుగ్మతలు.* స్విస్ వైద్యుడు ఎడ్వర్డ్ గ్లాన్జ్‌మన్ 1918లో వర్ణించిన త్రాంబస్థీనియాలో ప్లేట్‌లెట్లు తగినన్ని ఉన్నా ఒకదానికొకటి అతుక్కోవు. దీనికీ, మూడో రకం వాన్ విల్లెబ్రాండ్ వ్యాధికీ తల్లి నుంచి, తండ్రి నుంచి చెరొక లోపమున్న జన్యువు రావాలి. మేనరికాలు, దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్లు ఉన్న సమాజాల్లో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు ఈ ప్రశ్నను వదలకూడదు.

*ఇతర లోపాలు.* హీమోఫిలియా వాహకులైన స్త్రీలలో ఎనిమిదో కారకం గర్భంలో పెరుగుతుంది, తొమ్మిదో కారకం పెద్దగా పెరగదు. పదకొండో కారకం లోపంలో రక్తస్రావం ఎక్కువగా నోరు, ముక్కు, గర్భాశయం వంటి చోట్ల వస్తుంది.

రోగ నిర్ధారణ

హెచ్‌హెచ్‌టీకి 2000 సంవత్సరంలో వెలువడిన క్యూరసావ్ ప్రమాణాలు నాలుగు: తనంతట తానే పదేపదే వచ్చే ముక్కు రక్తస్రావం, నిర్దిష్ట స్థానాల్లో ఎర్ర చుక్కలు, లోపలి అవయవాల్లో వికృత రక్తనాళాలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఒకరికి ఈ వ్యాధి. మూడు ఉంటే నిర్ధారణ, రెండు ఉంటే అనుమానం. గడ్డకట్టే పరీక్షలన్నీ సవ్యంగా వచ్చాయన్న కారణంతో ఈ వ్యాధి లేదనడం తప్పు.

వాన్ విల్లెబ్రాండ్ వ్యాధిలో చిక్కు వేరు. గర్భంలో ప్రోటీన్ పెరగడంతో, స్వల్ప లోపం ఉన్నవారి ఫలితం సాధారణ పరిధిలోకి వచ్చేస్తుంది. కాబట్టి గర్భానికి ముందు గానీ, తొలి వారాల్లో గానీ చేసిన పరీక్షకే విలువ ఎక్కువ. నిర్ధారణ ఉన్నవారికి మూడో త్రైమాసికంలో పరీక్ష మళ్లీ చేస్తారు. ‘ఓ’ గ్రూపు రక్తం వారిలో ఈ ప్రోటీన్ సహజంగానే తక్కువ.

రుగ్మత ఏదైనా రక్తపోటు చూడకుండా పరీక్ష పూర్తి కాదు. 20 వారాలు దాటిన గర్భిణికి ముక్కు నుంచి రక్తంతో పాటు తలనొప్పి, చూపు మసకబారడం, 140/90 లేదా అంతకు మించిన రక్తపోటు ఉంటే ప్రీఎక్లాంప్సియాను అనుమానించాలి. ముదిరితే ఇది మూర్ఛలకు దారితీస్తుంది. పల్లెల్లో గుర్రపు వాతం అనేది ఆ దశనే.

ఇంటి వద్ద తక్షణ చర్య

రక్తం రాగానే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, నుదుటి మీద తడిగుడ్డ వేయడం మన ఇళ్లలో చూస్తుంటాం. రెండు కారణాల వల్ల గర్భిణికి అది హాని. రక్తం గొంతులోకి జారి కడుపులో చేరి వాంతి తెప్పిస్తుంది. వాంతి వల్ల ఒత్తిడి పెరిగి రక్తం మళ్లీ మొదలవుతుంది. నెలలు నిండుతున్న గర్భిణి వెల్లకిలా పడుకుంటే గర్భాశయం పెద్ద సిరను నొక్కి రక్తపోటు పడిపోతుంది. కళ్లు తిరిగితే ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోవాలి.

సరైన పద్ధతి ఇది. కూర్చుని కాస్త ముందుకు వంగాలి. ముక్కు దూలం ఎముక దగ్గర కాకుండా, దాని కింద మెత్తగా ఉండే భాగాన్ని బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య గట్టిగా పట్టి, గడియారం చూస్తూ 15 నిమిషాలు వదలకుండా నొక్కాలి. నోటితో గాలి పీల్చాలి, నోట్లోకి వచ్చిన రక్తం ఉమ్మేయాలి. ఆగిందో లేదో చూద్దామని రెండు నిమిషాలకోసారి వేళ్లు తీయడం వల్లనే చాలాసార్లు ప్రయత్నం విఫలమవుతుంది. పొడి దూది కుక్కకూడదు. అది పొరకు అతుక్కుని, లాగినప్పుడు గడ్డను కూడా ఊడదీస్తుంది.

ఆగిన తర్వాత కొన్ని రోజులు గట్టిగా చీదకూడదు, బరువులెత్తకూడదు. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి. సెలైన్ చుక్కలు లేదా స్ప్రే రోజుకు రెండు మూడుసార్లు వాడితే పొర తడిగా ఉంటుంది. నెయ్యి, నూనె చుక్కలు పీల్చితే ఊపిరితిత్తుల్లోకి చేరే వీలుంది కాబట్టి అవి మంచివి కావు.

30 నిమిషాలు దాటినా ఆగకపోయినా, రెండు వైపుల నుంచీ గొంతులోకి కారుతున్నా, గుండె దడ, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణిలో రక్తం పరిమాణం ఎక్కువ కాబట్టి చాలా రక్తం పోయేవరకు రక్తపోటు నిలకడగానే కనిపిస్తుంది. నాడి వేగమే ముందు చెబుతుంది.

ఆసుపత్రిలో చికిత్స

గడ్డలను తొలగించి, రక్తం వచ్చే చోటు కంటితో చూడటం మొదటి మెట్టు. ట్రనెక్సామిక్ ఆమ్లం ఇంజెక్షన్ ద్రవంలో తడిపిన గాజ్ గుడ్డను ఆ చోట ఆనించి ఉంచవచ్చు. నాళాలను ముడిచే ఆక్సీమెటాజోలిన్ వంటి చుక్కలను అవసరమైనప్పుడు కొద్దిసార్లే వాడతారు, రక్తపోటు ఎక్కువగా ఉన్న గర్భిణికి వాడరు. సిల్వర్ నైట్రేట్‌తో మాడ్చేటప్పుడు ఒకేసారి గోడకు రెండు వైపులా చేయకూడదు, గోడకు చిల్లు పడుతుంది. హెచ్‌హెచ్‌టీ ముక్కును పదేపదే మాడ్చితే పొర మరింత దెబ్బతింటుంది.

ప్యాకింగ్ తప్పనిసరైతే ఈ రుగ్మతలున్న వారికి తనంతట కరిగిపోయే జెలటిన్ స్పాంజి, ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ వంటివే మేలు. మామూలు ప్యాక్ పెట్టినప్పుడు ఆగిన రక్తం, తీసేటప్పుడు పొర గీసుకుపోయి మళ్లీ వస్తుంది. దీన్ని అనుభవించిన హెచ్‌హెచ్‌టీ రోగులు ప్యాకింగ్ మాటెత్తితేనే భయపడతారు. వెనుక భాగంలో ప్యాక్ పెట్టినవారిని ఆసుపత్రిలోనే ఉంచి తల్లి ఆక్సిజన్‌ను, 24 వారాలు దాటితే బిడ్డ గుండె చప్పుడును కూడా గమనిస్తారు. అప్పటికీ లొంగకపోతే ఎండోస్కోపీతో స్ఫీనోపాలటైన్ ధమనిని మూసేస్తారు.

మందులు

గర్భిణిలో ముక్కు రక్తస్రావానికి ఎక్కువగా ఆధారపడేది ట్రనెక్సామిక్ ఆమ్లం మీదే. ఏర్పడిన గడ్డ కరిగిపోకుండా ఇది కాపాడుతుంది, అందుకే రుగ్మత ఏదైనా ఉపయోగపడుతుంది. మాయను దాటి బిడ్డకు చేరుతుంది, అయినా పుట్టుక లోపాలు కలిగిస్తుందన్న ఆధారం లేదు. కాళ్ల సిరల్లో గానీ, ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డలున్న వారికి ఇవ్వరు.

డెస్మోప్రెసిన్ ఒకటో రకం వాన్ విల్లెబ్రాండ్ వ్యాధిలో పనిచేస్తుంది. మోతాదు కిలో బరువుకు 0.3 మైక్రోగ్రాములు. ఇది శరీరంలో నీటిని నిలుపుతుంది కాబట్టి ఇచ్చిన తర్వాత 24 గంటలు తాగే నీటిని పరిమితం చేయకపోతే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛలు రావచ్చు. ప్రీఎక్లాంప్సియా ఉన్నవారికి ఇవ్వరు. 2బి వారికి సాధారణంగా వాడరు, మూడో రకానికి పనిచేయదు. వారికి వాన్ విల్లెబ్రాండ్ ప్రోటీన్ ఉన్న కారక సాంద్రాలు ఎక్కిస్తారు, అవి దొరకని చోట క్రయోప్రెసిపిటేట్. హెచ్‌హెచ్‌టీకి ఇవేవీ అక్కరలేదు, ఆ రోగిలో లోటు పడింది ప్రోటీన్ కాదు.

గ్లాన్జ్‌మన్ త్రాంబస్థీనియాలో ప్లేట్‌లెట్లు ఎక్కించడం వెంటనే తోచే మార్గం. కానీ తల్లి శరీరం వాటికి వ్యతిరేకంగా తయారుచేసే ప్రతిరక్షకాలు మాయ దాటి బిడ్డ ప్లేట్‌లెట్లను నాశనం చేయగలవు. అందువల్ల ముక్కు రక్తస్రావం వంటి వాటికి ముందు స్థానిక చికిత్స, ట్రనెక్సామిక్ ఆమ్లం, అవసరమైతే రీకాంబినెంట్ ఏడో కారకం వాడి చూస్తారు.

హెచ్‌హెచ్‌టీ రోగులు గర్భానికి ముందు వాడుతుండే మందుల్లో బెవాసిజుమాబ్, థాలిడోమైడ్, పోమాలిడోమైడ్, టామాక్సిఫెన్ గర్భంలో నిషిద్ధం. ఈ విషయంలో కాస్త ఊరట ఉంది. 2016లో జామా పత్రికలో వెలువడిన అమెరికా పరీక్షలో 121 మంది హెచ్‌హెచ్‌టీ రోగులకు బెవాసిజుమాబ్, ఈస్ట్రియోల్, ట్రనెక్సామిక్ ఆమ్లం, వట్టి ఉప్పునీటి స్ప్రేలను 12 వారాలు ఇచ్చి పోల్చారు. మూడు మందుల్లో ఏదీ ఉప్పునీటి కంటే మెరుగని తేలలేదు. గర్భిణి నిశ్చింతగా వాడగలిగిందీ ఆ ఉప్పునీరే.

ఆస్పిరిన్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ప్రీఎక్లాంప్సియా నివారణకు చాలామంది గర్భిణులకు దాన్ని చిన్న మోతాదులో రాస్తున్నారు. అది ప్లేట్‌లెట్ల పనిని తగ్గిస్తుంది. రక్తస్రావ రుగ్మత ఉన్న స్త్రీ ముక్కు నుంచి రక్తం కారడం ఎక్కువైందని వస్తే మందుల చీటీలో ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లు ఉన్నాయేమో ముందు చూడాలి. ఉంటే ఆపాలా, కొనసాగించాలా అన్నది ప్రసూతి వైద్యులు, రక్తవ్యాధుల నిపుణులు కలిసి తేల్చవలసిన విషయం. రోగి సొంతంగా మానేయడమూ మంచిది కాదు.

రక్తహీనత

రోజూ నాలుగు చెంచాల రక్తం పోయినా నెలల తరబడి లెక్క వేస్తే అది పెద్ద నష్టమే. గర్భిణిలో హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద రెండో త్రైమాసికం నుంచి గర్భిణులందరికీ రోజుకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్ర ఇస్తారు. ముక్కు నుంచి తరచూ రక్తం పోయేవారికి ఈ నివారణ మోతాదు సరిపోకపోవచ్చు. ఫెరిటిన్ కూడా చూసి, మాత్రలు చాలకపోతే తొలి మూడు నెలలు దాటాక సిర ద్వారా ఇనుము ఎక్కిస్తారు.

హెచ్‌హెచ్‌టీలో ఊపిరితిత్తుల ప్రమాదం

ఈ రోగుల్లో చాలామందికి ఊపిరితిత్తుల్లో ధమని నేరుగా సిరతో కలిసిన వికృత నాళాలుంటాయి. గర్భంలో, ముఖ్యంగా రెండు, మూడు త్రైమాసికాల్లో, అవి పెరిగి పగలవచ్చు. 2008లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ అధ్యయనంలో హెచ్‌హెచ్‌టీ గర్భాలలో సుమారు 1 శాతం తల్లి మరణంతో ముగిశాయి. ప్రాణాపాయం ఎదురైనప్పటికీ, వ్యాధి ఉన్న సంగతి ముందే తెలిసిన స్త్రీలు ఎక్కువగా బతికి బయటపడ్డారు.

ముక్కు రక్తస్రావానికి అలవాటుపడిన స్త్రీ, దగ్గినప్పుడు రక్తం పడితే అది కూడా ముక్కు నుంచి గొంతులోకి జారిందేనని సరిపెట్టుకుంటుంది. హెచ్‌హెచ్‌టీ గర్భిణిలో అలా సరిపెట్టుకోవడానికి వీల్లేదు. దగ్గుతో రక్తం, అకస్మాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే అది అత్యవసర పరిస్థితి. 2020లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, ఇంతకుముందు పరీక్ష చేయించుకోని గర్భిణికి లక్షణాలు ఉంటే తక్కువ మోతాదు ఛాతీ సీటీ, లక్షణాలు లేకపోతే బుడగల ఎకో పరీక్ష లేదా అదే సీటీ చేయాలని, చికిత్స అవసరమైన నాళాలను రెండో త్రైమాసికం నుంచి మూసివేయాలని సూచించాయి.

కాన్పు, బాలింత దశ

హెచ్‌హెచ్‌టీ ఉందన్న ఒక్క కారణంతో నడుములో మత్తు ఇంజెక్షన్ నిరాకరించనక్కరలేదు. వాన్ విల్లెబ్రాండ్ వ్యాధిలో ఆ ఇంజెక్షన్ ఇవ్వాలంటే ఆ ప్రోటీన్ చురుకుదనం డెసిలీటరుకు 50 యూనిట్లు దాటి ఉండాలి. నొప్పులు తీసేటప్పుడు ఒత్తిడికి ముక్కు నుంచి రక్తం కారవచ్చు. సెలైన్, గాజ్ గుడ్డ, ట్రనెక్సామిక్ ఆమ్లం కాన్పు గదిలో సిద్ధంగా ఉంచితే చాలు.

కాన్పుతో రుగ్మతలు మళ్లీ దారులు మార్చుకుంటాయి. హెచ్‌హెచ్‌టీలో రక్త ప్రవాహం తగ్గి ముక్కు తెరిపిన పడుతుంది. వాన్ విల్లెబ్రాండ్ వ్యాధిలో పెరిగిన ప్రోటీన్ సుమారు మూడు వారాల్లో పాత స్థాయికి దిగిపోతుంది. ఆసుపత్రి నుంచి పుట్టింటికి చేరిన బాలింతకు అప్పుడు ముక్కు నుంచీ, గర్భాశయం నుంచీ రక్తస్రావం మొదలవుతుంది. అందుకే ట్రనెక్సామిక్ ఆమ్లాన్ని రెండు వారాలు, అవసరమైతే ఇంకా ఎక్కువ రోజులు కొనసాగిస్తారు. తల్లిపాలలోకి వెళ్లేది చాలా తక్కువ కాబట్టి పాలివ్వడం ఆపనక్కరలేదు.

గడ్డకట్టే లోపం సంక్రమించి ఉండే అవకాశమున్న బిడ్డను వాక్యూమ్‌తో లాగడం, పరీక్ష ఫలితం రాకముందే కండరంలోకి సూది వేయడం వీలైనంతవరకు మానుకుంటారు. పుట్టిన వెంటనే వాన్ విల్లెబ్రాండ్ ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి స్వల్ప లోపాన్ని తేల్చే పరీక్షను కొన్ని నెలలు వాయిదా వేస్తారు. హెచ్‌హెచ్‌టీ కుటుంబంలో జన్యు లోపం ఏదో ముందే తెలిసి ఉంటే బొడ్డుతాడు రక్తంతోనే పరీక్ష చేయవచ్చు. ఆ పిల్లల్లో ముక్కు రక్తస్రావం సగటున 12 ఏళ్ల వయసులో గానీ మొదలవదు. అప్పటిదాకా ముక్కు నుంచి రక్తం కారలేదని ఆ బిడ్డకు వ్యాధి లేదనుకోవడానికి వీల్లేదు.